వదిన రాసిన కొలతలు

నేను సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలోకి వచ్చిన ఏడాదే మా వంటింటి తలుపు మూసుకోవడం మానేసింది.

వానలు మొదలై పది రోజులైంది. చెక్క ఉబ్బి ఉంటుందని నాన్న తలుపు ఊడదీసి అంచుకి చిత్రిక పట్టాడు. రెండు రోజులు మూసుకుంది. మూడో రోజు పైమూల మళ్ళీ పట్టేసింది. ఆయన మళ్ళీ చిత్రిక పట్టాడు. నేను హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేసరికి తలుపు పైభాగం బొటనవేలంత అరిగిపోయి, చూడ్డానికి ఎవరో కొరికినట్టుంది.

"తలుపు కాదు నాన్నా, గుమ్మమే ఒరిగింది," అన్నాను.

"గుమ్మం ఎందుకు ఒరుగుతుందమ్మా? అదేమైనా తాగొచ్చిందా?" అని నవ్వాడు.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఇంజను చప్పుడులో కాస్త తేడా వస్తే చెవితోనే పట్టేస్తాడు. ఇంటి విషయంలో మాత్రం ఆ చెవి పనిచేసేది కాదు. ఇల్లంటే ఆయనకి అంత నమ్మకం.

గుమ్మం పక్క గోడకి అమ్మ కొత్తగా క్యాలెండరు తగిలించింది. తారీఖులు కూడా కనబడనంత చీకటి మూల అది. ఎత్తి చూశాను. కిటికీ మూల నుంచి పైకప్పు వైపు ఏటవాలుగా పగులు, గోరు దూరేంత. అమ్మ దాంట్లో సిమెంటు కూరింది. ఆ సిమెంటు నడుమ మళ్ళీ సన్నగా చీలింది.

"వచ్చినవాళ్ళ కంట పడుతుందని కప్పానే," అంది అమ్మ, నన్నేదో దొంగతనంలో పట్టుకున్నట్టు చూస్తూ.

నేను మేడ మీదికి వెళ్ళాను. మా ఇంటికి కింద మూడు గదులు, పైన అన్నయ్యవాళ్ళ గది, దాని పక్కన చిన్న వంటగది. పైఅంతస్తు వేసి మూడేళ్ళు. తూర్పు కిటికీ దగ్గర వదిన కుట్టుమిషను తొక్కుతోంది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది తను. చుట్టూ నీలం గుడ్డల గుట్టలు, ఆ గుట్టల్లో రెండేళ్ళ పాప నిద్ర. కింది పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ వరసలోనే ఇక్కడా ఇంకో పగులు, కింది దానికంటే వెడల్పుగా, కిటికీ మూల నుంచి స్లాబు దాకా.

"ఏంటి ఇంజనీరమ్మా, అలా చూస్తున్నావ్? గోడ ఎప్పుడూ చూడలేదా?" అంది వదిన, మిషను ఆపకుండా.

ఆ పిలుపులో అప్పట్లో తీపి ఏమీ ఉండేది కాదు.

*

కాలేజీలో ప్రాజెక్టు విషయాలు ఎంచుకునే వారం అది. మా వాళ్ళందరూ పెద్ద పెద్దవి రాసిచ్చారు. వంతెనలు, ఆనకట్టలు, పాతిక అంతస్తుల భవనాలు. మట్టి గురించి పాఠం చెప్పే సార్‌ని మేము మట్టి సార్ అనేవాళ్ళం. ఆయనకీ ఆ సంగతి తెలుసు. నా కాగితం చూసి కళ్ళద్దాలు పైకి జరుపుకున్నారు.

"ఇదెవరిల్లు?"

"మాదే సార్."

"పగులు కొలవడం తేలికేనమ్మా. ఆ ఇంట్లోవాళ్ళ చేత ఒప్పించడమే కష్టం. చూడు మరి."

ఆయనే బీరువాలోంచి వెర్నియర్ కాలిపర్స్ తీసిచ్చారు. పగులుకి అటొకటి ఇటొకటి చిన్న స్క్రూలు బిగించి, రోజూ ఒకే వేళకి వాటి మధ్య దూరం కొలవాలి. ఎండకి గోడ సాగుతుంది, చల్లబడితే కుంచించుకుంటుంది కాబట్టి వేళ తప్పకూడదు. నోటుబుక్కు మొదటి పేజీలో ఆయన ఫోన్ నంబరు రాయించి, దాని కింద ఈ మాటలు కూడా రాసుకోమన్నారు: "వారంలో అర మిల్లీమీటరు దాటితే ఫోన్ చెయ్యాలి. ఒక్కరోజులోనే దాటితే ముందు మనుషుల్ని దించాలి, ఆ తర్వాత ఫోన్ చెయ్యాలి."

శనివారం ఇంటికెళ్ళి మూడు చోట్ల స్క్రూలు బిగించాను. ఒకటోది వంటింట్లో, రెండోది మెట్ల దగ్గర, మూడోది మేడగదిలో. మూడోది బిగిస్తుంటే అన్నయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. వాడు ఎలక్ట్రీషియన్. ఆ గదిలో ప్రతి వైరూ తన చేత్తో లాగాడు.

"బాగున్న గోడకి కన్నాలు పెడుతున్నావేంటే?"

"బాగుందో లేదో చూద్దామనే."

"మేము అడిగామా చూడమని?"

నేను స్క్రూ బిగించడం పూర్తిచేశాను. కిందికి దిగుతుంటే వదిన గొంతు వినబడింది. నాకు వినబడాలనే అందేమో కూడా. "మీ చెల్లెలికి ఒక గది కావాలండీ. చదువైపోతోందిగా, హాస్టల్ ఖాళీ చెయ్యాలిగా. ఏకంగా మన చేత ఇల్లు ఖాళీ చేయించడానికి లెక్కలు తయారుచేస్తోంది."

మళ్ళీ మెట్లెక్కి వెళ్ళి కాదని చెప్పాలనిపించింది. కానీ నేను ఎందుకు కొలుస్తున్నానో చెప్పాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది మూడేళ్ళుగా నా ఒక్కదాని దగ్గరే ఉంది. కనీసం నేను అలా అనుకున్నాను.

మర్నాడు ఉదయం అసలు చిక్కు తెలిసింది. వారమంతా నేను హాస్టల్లో ఉంటాను. నాన్న, అన్నయ్య పనికి పోతారు. అమ్మకి దగ్గరి చూపు ఆనదు. రోజూ పదింటికి కొలిచేదెవరు?

"నేను కొలుస్తాను," అంది వదిన.

అందరం ఆమె వైపు చూశాం.

"ఏం, చూస్తారేం? నా గది గోడ గురించి నువ్వెక్కడో కూర్చుని ఏదో ఒకటి రాసుకుంటే? నా ఇంటి లెక్క నేనే రాస్తాను."

కాలిపర్స్ ఎలా చూడాలో చెప్పాను. పెద్ద గీతలు ఇవీ, చిన్న గీతలు ఇవీ, పైగీతా కిందిగీతా సరిగ్గా ఎక్కడ కలిశాయో అది చూడాలి అని. మాకు మొదటి ఏడు ప్రయోగశాలలో ఇది పట్టుబడటానికి రెండు వారాలు పట్టింది. వదిన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"అంటే కుట్టు మీద కుట్టు పడ్డ చోటు. అంతేగా?"

"అంతే," అన్నాను.

"దీనికా నాలుగేళ్ళు చదివేది!"

*

ఆ తర్వాత ఆరు వారాలు ప్రతి శనివారం ఇంటికి రాగానే నేను మొదట చేసే పని ఆ నోటుబుక్కు తెరవడం. తారీఖు, వేళ, మూడు కొలతలు. చివర్న "ఇతర వివరాలు" అని ఒక గడి గీశాను. వాతావరణం రాస్తుందేమోనని. వదిన దాన్ని ఖాళీగా వదిలిపెట్టలేదు.

"వాన. కిటికీ రెక్క పడలేదు. భుజంతో నెట్టాను."

"పాప మూడో స్క్రూ పట్టుకుని వేలాడబోయింది. చేతి మీద ఒకటి వేశాను. తర్వాత కొలిచాను. తేడా లేదు."

"ఎండ. మూడోది నిన్నటికంటే తగ్గింది. రెండుసార్లు కొలిచాను. తగ్గింది నిజమే."

"మీ అన్నయ్య పగులులో పుట్టీ పెట్టి రంగు వేశారు. గీకేశాను. మాట్లాడటం లేదు."

మట్టి సార్ ఆ పేజీ చూసి చాలాసేపు నవ్వారు. "ఈ మాట్లాడనిది గోడా, మొగుడా?" అని అడిగారు. తర్వాత నవ్వు ఆపి, ఎండ కాసిన రోజు తగ్గిన అంకె మీద వేలు పెట్టారు. "సాధారణంగా పిల్లలు ఇలాంటిది కనబడితే తుడిచేసి పెంచి రాస్తారు, గీత సాఫీగా పైకి పోవాలని. ఈవిడ తుడవలేదు. మిగతా అంకెలు కూడా నమ్మొచ్చు."

ఆ అంకెలు నమ్మదగినవి కావడమే నన్ను భయపెట్టింది. ఒకటోది, రెండోది మెల్లగా, మూడోది వాటికంటే త్వరగా, వాన పడ్డ ప్రతిసారీ ఒక మెట్టు పైకి. ఎండ కాస్తే కాస్త వెనక్కి తగ్గినట్టే తగ్గి, మళ్ళీ ముందుకి. ఇంటి వెనక మూల కిందికి దిగుతోంది. దానితో పాటు మేడగది కొద్దికొద్దిగా వెనక్కి ఒరుగుతోంది. కానీ వారంలో అర మిల్లీమీటరు ఎప్పుడూ దాటలేదు. దాటలేదు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. నాన్న తలుపుకి చిత్రిక పట్టడం మానేసి, మూసుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టాడు. అన్నయ్య నాతో "తిన్నావా" అని మాత్రం అనేవాడు. వదిన అది కూడా అనేది కాదు. అయినా పదింటికి ఒక్క కొలత తప్పలేదు. ఒళ్ళు వెచ్చబడి పడుకున్న రోజు కూడా రాసింది. "జ్వరం, నాకు. గోడ మామూలే."

ఏడో వారం ఎడతెగని ముసురు. నాకు నడిమి పరీక్షలు. శనివారం మధ్యాహ్నం ఆఖరి పరీక్ష రాసి, తడుస్తూ ఇంటికి చేరాను. ముందుగదిలో, నా మంచం ఉండే చోట, కుట్టుమిషను ఉంది. దాని పక్కన నీలం గుడ్డల మూటలు, పాప ఉయ్యాల, ట్రంకుపెట్టె. నోటుబుక్కు మిషను మీదే ఉంది. తెరిచాను.

గురువారం. "మూడోది 47.94. నిన్నటికి ఇవాళ్టికి 0.62 ఎక్కువ. మూడుసార్లు కొలిచాను. పాపనీ మిషన్నీ కిందికి దించాను."

శుక్రవారం. "48.10. మేడకి తాళం వేశాను. కొలవడానికి మాత్రం తీశాను."

"ఫోన్ చెయ్యలేదేం వదినా?"

"చేశాను. మీ సార్‌కి. నంబరు ముందు పేజీలో ఉందిగా." సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తకుండా చెప్పింది. "నీకు పరీక్షలు. నువ్వొచ్చి గోడని చేత్తో ఆపుతావా ఏంటి?"

"మిషను ఎవరు దించారు?"

"నేనూ, అత్తయ్యా."

ఆ మిషను ఇనుప స్టాండుతో సహా ఇద్దరు మగవాళ్ళు మోస్తే గానీ పైకెక్కలేదు. అమ్మ మోచెయ్యి కమిలి ఉంది. శుక్రవారం సాయంత్రం అన్నయ్య పని నుంచి వచ్చి, తాళం చూసి, తాళంచెవి ఇమ్మని అరిచాడట. వదిన నోటుబుక్కు అతని ముందు పెట్టి, "ఈ అంకె నేను రాసింది. మీ చెల్లెలు కాదు. అబద్ధమంటే నన్ననండి," అందట. ఇదంతా అమ్మ తర్వాత చెప్పింది నాకు. అన్నయ్య ఆ పేజీని అలా చూస్తూ ఉండిపోయాడట. ఆ తర్వాత తనే పైకి వెళ్ళి పరుపు మోసుకొచ్చాడట.

*

"వెనక మూలలో గోడ పక్కన గుంత తవ్వి పునాది చూడండి. నేను ఆదివారం మధ్యాహ్నానికి వస్తాను," అని మట్టి సార్ వదినకే చెప్పారు.

ఆదివారం పొద్దున్నే వాన తెరిపిచ్చింది. నాన్న తాపీమేస్త్రీని పిలుచుకొచ్చాడు. మేడ కట్టింది ఆయనే. నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. వస్తూనే తూకం గుండు తీసి మేడ అంచు నుంచి దారం వేలాడదీశాడు. గుండు కదలడం ఆగాక దారానికీ గోడకీ మధ్య ఎడం చూసి, దారం చుట్టేసుకున్నాడు.

అన్నయ్య గునపం వేశాడు, మేస్త్రీ పారతో మట్టి తీశాడు. జిగురు మట్టి. పారని వదలడం లేదు. మోకాలి లోతు తవ్వేసరికి పునాది రాళ్ళు అయిపోయాయి. నాన్న ఇంకా తవ్వమన్నాడు, కింద ఇంకో వరస ఉంటుందని. లేదు. ఆఖరి రాయి కింద బురద. ఆ బురదలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. మేస్త్రీ చేత్తో తడిమి చూస్తే వంటింటి నీళ్ళు పోయే గొట్టం అతుకు దగ్గర విరిగి ఉంది. ఎన్నాళ్ళుగానో.

నాన్న గుంతలోకి దిగాడు. ప్యాంటు తడుస్తున్నా మోకాళ్ళ మీద వంగి, ఆఖరి రాయి కిందికి చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా వెళ్ళింది.

"ఆరడుగులు ఉందన్నాడు, ఈ ఇల్లు మనకి అమ్మినాయన," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

"రెండడుగులు కూడా లేదు," అన్నాడు మేస్త్రీ. చేతికంటిన బురద విదిలిస్తూ, "నేను అప్పుడే అడిగానోయ్ డ్రైవరూ. పైన కట్టే ముందు ఒకసారి తవ్వి చూద్దామా అని."

"అడిగావు. నేనే వద్దన్నాను," అన్నాడు నాన్న.

అబద్ధం. నాన్న తల పైకెత్తలేదు. మేస్త్రీ నా వైపు చూడబోయి, ఆగి, పారకంటుకున్న మట్టి గీకడం మొదలుపెట్టాడు.

మూడేళ్ళ కిందట, నా మొదటి ఏడు సెలవుల్లో జరిగింది అది. అన్నయ్యా వదినా అప్పుడు కింద హాలులో చీర అడ్డం కట్టుకుని ఉండేవాళ్ళు. మేడ ప్లాను నేను గీశాను, కొత్త డ్రాయింగు బల్ల మీద, కొత్త స్కేలుతో. నాన్న ఆ కాగితం చుట్టి బస్సులో పెట్టుకుని డిపోలో అందరికీ చూపించాడు. మేస్త్రీ వచ్చి పునాది తవ్వి చూద్దామా అన్నప్పుడు, నాన్న ఆయనకి జవాబు చెప్పకుండా నా వైపు తిరిగాడు. "ఏమ్మా ఇంజనీరూ, ఆగుతుందంటావా?" నేను గోడ మందం కొలిచినట్టు ఒకసారి చేత్తో తట్టి, "ఆగుతుంది నాన్నా, తవ్వక్కర్లేదు," అన్నాను. ఇంజనీరూ అని ఆయన పిలిచిన ఆ గొంతుకి, 'నాకు తెలియదు' అని చెప్పడం నా వల్ల కాలేదు. పునాదుల పాఠం మాకు మూడో ఏడు వచ్చింది.

"వద్దన్నది నేను," అన్నాను. మేస్త్రీ వైపు తిరిగాను. మళ్ళీ చెప్పాను. "మేస్త్రీగారూ, నాన్న కాదు. తవ్వక్కర్లేదన్నది నేను. అప్పటికి నాకేమీ తెలియదు."

అన్నయ్య గునపం గోడకి ఆనించాడు. అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తోంది. నాన్న గుంతలోనే ఉన్నాడు. పాపని చంకనేసుకుని నిలబడ్డ వదిన నా మొహం కేసి ఒక్క క్షణం చూసింది.

"ముందు ఆ గొట్టం కట్టండి మావయ్యా. నీళ్ళు కారుతూనే ఉన్నాయి," అంది.

*

మట్టి సార్ మధ్యాహ్నం వచ్చారు. గుంత చూశారు, మేడ చూశారు, నోటుబుక్కు మొదటి నుంచి చివరి దాకా చదివారు. నాన్న ఇచ్చిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పారు. గొట్టం బాగుచేస్తే దిగడం నెమ్మదిస్తుంది, ఆగదు. పునాది కింద కొంచెం కొంచెం చొప్పున తవ్వుతూ కొత్త పునాది కట్టాలి. పైన అంత బరువు పెట్టుకుని కింద తవ్వకూడదు. మేడ తీసెయ్యాలి.

"మొత్తమా?" అన్నాడు అన్నయ్య.

"మొత్తం."

"మూడేళ్ళేనండీ, కట్టి."

"తెలుసు బాబూ."

ఆయన వెళ్ళాక నేను మెట్ల మీద కూర్చున్నాను. వదిన వచ్చి రెండు మెట్లు పైన కూర్చుంది. కూర్చుంటూనే అడిగింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు, తప్పు చెప్పావని?"

"మూడో ఏడు నుంచి. పాఠం విన్న రోజే అనుమానం వచ్చింది."

"ఏడాది."

"ఊఁ."

"మేము పైన పడుకునేవాళ్ళం. పాప పైన పడుకునేది."

పగుళ్ళు లేవు కాబట్టి ఆగిందనే అనుకున్నానని, అనుకోవాలని అనుకున్నానని చెప్పాను. పగులు కనబడ్డాక నేనన్న మాట తప్పో ఒప్పో కొలిచి తెలుసుకోవాలని ఈ ప్రాజెక్టు పెట్టుకున్నానని చెప్పాను. నోటితో చెప్పే ధైర్యం లేక కాలిపర్స్ తెచ్చానని మాత్రం చెప్పలేకపోయాను. ఆమెకి అది అర్థమయ్యే ఉంటుంది.

"నువ్వు గీస్తుంటే కిటికీ తూర్పు వైపు పెట్టమని అడిగింది నేనే. నువ్వు వెంటనే రబ్బరుతో చెరిపి అటు పెట్టావు. ఇంత తేలికా ఇల్లు కట్టడం అనుకున్నాను." పాదానికంటుకున్న మట్టి మెట్టు అంచుకి రాసింది. "నాకు కోపం వచ్చింది. కొన్నాళ్ళు ఉంటుంది. పోతుందో పోదో నాకూ తెలీదు. ముందు ఒక సంగతి చెప్పు. రేపు పదింటికి కొలవాలా, వద్దా?"

"కొలవాలి," అన్నాను.

"సరే," అని లేచి వెళ్ళిపోయింది.

*

వానలు వెనకబట్టాక మేడ తీశారు. మేస్త్రీ మనుషులు స్లాబు కింద ఊతాలు పెట్టారు. మొదటి సమ్మెట దెబ్బ తనే వేస్తానని నాన్న పట్టుబట్టాడు. ఒకటి వేశాడు. పెచ్చు కూడా రాలలేదు. సమ్మెట మేస్త్రీ చేతికిచ్చి దిగివచ్చేసి, ఆ రోజు సెలవు పెట్టినవాడు కాస్తా బట్టలు మార్చుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పన్నెండు రోజులు ఇటుకలు కిందికి దిగుతూనే ఉన్నాయి. విరగనివి వేరే, విరిగినవి వేరే పేర్చింది అమ్మ.

అన్నయ్యా వదినా రెండు వీధుల అవతల అద్దె గదిలోకి మారారు. వీధిలోకి తెరుచుకునే గది. సామాను మోసిన రోజు అన్నయ్య, నేను ట్రంకుపెట్టె చెరో పక్కా పట్టుకున్నాం. సగం దూరం వెళ్ళాక వాడు పెట్టె దించి, చెయ్యి మార్చుకుంటూ అన్నాడు. "నేనూ ఆ ఇంట్లో వైర్లు లాగినప్పుడు గోడలు తట్టి చూశానే. నాకూ బాగానే ఉందనిపించింది." మళ్ళీ పెట్టె ఎత్తాం.

నాన్నతో మాట్లాడటం అన్నిటికంటే కష్టమైంది. గుంత దగ్గర నన్ను వెనకేసుకొచ్చినందుకు ఏదైనా అనాలని ఎన్నిసార్లో ఆయన దగ్గరికి వెళ్ళాను. ఒక ఆదివారం ఆయనే మొదలుపెట్టాడు. కొత్త పునాదికి మేస్త్రీ కంకర పోయిస్తుంటే చూస్తూ, "అప్పుడు నేను నిన్ను అడక్కుండా ఉండాల్సింది," అన్నాడు. "పద్దెనిమిదేళ్ళ పిల్లని. బస్సెక్కిన మొదటి రోజే ఎవరైనా స్టీరింగు ఇస్తారా?"

"నేను తీసుకోకుండా ఉండాల్సింది నాన్నా."

"అదీ నిజమే," అన్నాడు. దాన్ని కాదనకపోవడం నాకు ఎంత తేలికనిచ్చిందో చెప్పలేను.

ఆ ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంది. పైన మేడ లేదు. మళ్ళీ కట్టే మాట ఎవరూ ఎత్తలేదు. వదిన ఆ అద్దె గదిలోనే ఇంకో మిషను పెట్టింది, ఇద్దరు ఆడవాళ్ళని పనికి పెట్టుకుంది. అడిగితే, ఇంటికి తిరిగిరావడానికి ఇప్పుడు తనకే తీరిక లేదంటుంది. ఒక పొయ్యి రెండు పొయ్యిలు కావడం అమ్మకి చాలాకాలం మింగుడుపడలేదు. ఆ లోటుకి నేను కారణం కాదని నాకు నేను ఎప్పుడూ చెప్పుకోలేదు.

మేడ తీసిన ఏడాది చలికాలం మొదట్లో ప్రాజెక్టు రిపోర్టు రాశాను. నలభై రెండు పేజీలు. లోపలి మొదటి పేజీలో నా పేరు కింద "కొలతలు తీసినవారు" అని రాసి, వదిన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. బైండింగుకి ఇచ్చే ముందు వదిన అద్దె గదికి తీసుకెళ్ళి చూపించాను. సాయంత్రం ఐదైంది. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, ఆ పేజీ చదివింది. మొహంలో ఏ మార్పూ లేదు.

"మిగతా పేజీల్లో ఏముంది?"

"అదే. గోడ గురించి, మట్టి గురించి."

"చదువు. నా పేరు వేశావుగా. రేపెవరైనా అడిగితే లోపల ఏముందో నాకు తెలియద్దూ?"

చదవడం మొదలుపెట్టాను. వదిన ప్రతి వాక్యం దగ్గరా ఆపింది. ఇదేంటి, అదేంటి, ఎందుకలా. మట్టి నీళ్ళు తాగితే ఎందుకు మెత్తబడుతుందో, బరువు మూలకి ఎలా చేరుతుందో చెప్పాను. చెప్తున్నకొద్దీ నాకే బాగా అర్థమవుతోంది. తొమ్మిదో పేజీలో ఒక పొడుగాటి వాక్యం వచ్చింది. చదివాను.

"అంటే?" అంది వదిన.

ఇంకోసారి చదివాను. వివరించబోయాను. సగంలో ఆగిపోయాను. కిందటేటి సీనియర్ రిపోర్టులోంచి దించిన వాక్యం అది. బాగా బరువుగా ఉందని పెట్టాను. నిజం చెప్పాలంటే దాని అర్థం నాకూ సరిగ్గా తెలియదు.

"తెలీదు వదినా," అన్నాను.

"తెలీనిది ఎందుకు రాశావు?"

వదిన గుడ్డల మీద గీతలు గీసే సుద్దముక్క పక్కన పెట్టి, పాప పెన్సిలు తీసి నా చేతికిచ్చింది. ఆ వాక్యం కొట్టేశాను.

"ఊఁ, తర్వాత?" అంది, మోకాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంటూ.

నాలుగో అధ్యాయం దాకా వచ్చేసరికి దీపాలు వెలిగించే వేళైంది. పదకొండు వాక్యాలు పోయాయి.